ఎవరి కుటుంబం, ఎవరి ఆరోగ్యం: సారా ఉద్యమాన్ని మళ్ళీ చదువుతూ

1991లో రెండు పుస్తకాలు నా చేతికొచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లో అచ్చయింది. స్త్రీ శక్తి సంఘటన, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ కలిసి తెచ్చిన 'సవాలక్ష సందేహాలు'. ఆడవాళ్ళు తమ శరీరాల గురించి గుసగుసగా కూడా అడగలేని ప్రశ్నల్ని బొమ్మలతో సహా మామూలు తెలుగులో అడిగి, జవాబు చెప్పిన పుస్తకం. రెండోది పల్చటి వాచకం. నెల్లూరు జిల్లాలో ఆ ఏడాది జనవరిలో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం 'అక్షర దీపం' కోసం తయారైంది. మొదటిదాన్ని చదువుకున్న ఆడవాళ్ళం ఒకరి దగ్గరినుంచి ఒకరం తీసుకుని చదివాం. రెండోదాన్ని చదవడం రాని ఆడవాళ్ళు లాంతరు వెలుతుర్లో వేలు పెట్టి కూడబలుక్కున్నారు. ఈ రెండు పుస్తకాల మధ్య ఏదో చుట్టరికం ఉందని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. కావలి పైన మెట్ట ప్రాంతంలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వాలంటీరుగా చేరాను. బడి వరండాలో రాత్రి క్లాసు. ఏడున్నరకి మొదలుపెట్టాలని మాకు చెప్పారు. ఎనిమిదిన్నర దాటితే గాని ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కలుపుకి పోయి వచ్చి, నీళ్ళు మోసి, పొయ్యి రాజేసి, పిల్లలకి పెట్టి, మొగుడు ఏ స్థితిలో ఇల్లు చేరతాడో చూసుకుని రావాలి. ఒకామె రోజూ అందరికంటే ముందొచ్చేది, పలక ముందేసుకుని పది నిమిషాల్లో నిద్రపోయేది. ఒకరోజు నాకు కోపమొచ్చింది. గదమాయించబోతే పక్కామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. 'పండుకోనీ అమ్మణ్ణీ, మూడు రేత్రుల నించీ దానికి నిద్ర లేదు' అంది. మొగుడు తాగొచ్చిన రాత్రి పిల్లల్ని తీసుకుని వామి చాటునో, ఇదే బడి వరండాలోనో పడుకుంటుందట. ఆమెకి క్లాసు చదువుకునే చోటు కాదు, నలుగురి మధ్య భయం లేకుండా కళ్ళు మూసుకోగలిగిన చోటు.

నా దగ్గర ఒక ఫారం ఉండేది. పేరు, వయసు, కులం, ఎన్ని పాఠాలు పూర్తయ్యాయి. నిద్ర గురించిన గడి అందులో లేదు. ఏ ఆరోగ్య సర్వేలోనూ నేనింతవరకు చూడలేదు.

సారా వ్యతిరేక ఉద్యమం అనగానే మనకి చీపుళ్ళు, కారప్పొడి, తగలబడుతున్న సారా ప్యాకెట్లు గుర్తొస్తాయి. దూబగుంట, వర్ధినేని రోశమ్మ గుర్తొస్తారు. చివర్లో మద్యనిషేధం జీవో, దానిమీద సంతకం చేసిన ముఖ్యమంత్రి ఫోటో గుర్తొస్తాయి. చరిత్ర రాసినవాళ్ళు దీన్ని నిషేధ ఉద్యమంగా రాశారు, అక్షరాస్యత సాధించిన విజయంగా రాశారు, పౌర సమాజం మేలుకున్న ఘట్టంగా రాశారు. నేను దీన్ని ఒక ఆరోగ్య ఉద్యమంగా చదవాలనుకుంటున్నాను. ఎందుకంటే ఆ ఆడవాళ్ళు వరండాలో కూర్చుని మాట్లాడింది నైతికత గురించి కాదు. తాగుడు పాపమని ఒక్కరూ అన్నట్టు నాకు గుర్తులేదు. వాళ్ళు మాట్లాడింది బియ్యం గురించి, నిద్ర గురించి, దెబ్బల గురించి, బిడ్డకి విరేచనాలయితే ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకుపోయేందుకు చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి.

ఆ రోజుల్లో సారా ఎలా ఊళ్ళోకి వచ్చేదో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. సారా ప్రభుత్వ సరుకు. తయారీ, సరఫరా సర్కారు అదుపులో ఉండేవి, అమ్మే హక్కుని ఏటా వేలంపాటలో కంట్రాక్టర్లకి ఇచ్చేవాళ్ళు. 1980ల మధ్యలో తెలుగుదేశం ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో ఒక పథకం పెట్టింది. పేరు ఎవరు పెట్టారో గాని చమత్కారం తెలిసినవాళ్ళే. దాంతో సారా సీలు వేసిన ప్యాకెట్లలోకి మారింది. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి, నలుగురి కంటబడాలి. ప్యాకెట్ వచ్చాక సారాయే నడిచి రావడం మొదలుపెట్టింది. సైకిల్ మీద, సంచిలో, పొలం గట్టు మీదికి, గుడిసె గుమ్మంలోకి. డబ్బు లేకపోయినా అరువిచ్చేవాళ్ళు, కూలి రోజున వసూలు చేసుకునేవాళ్ళు. రాష్ట్రానికి సారా మీద వచ్చే ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుంటే 1991-92 నాటికి 812 కోట్లు దాటింది. ఇరవయ్యేళ్ళలో ఇరవై రెట్లు. కూలి ఇరవై రెట్లు పెరగలేదని చెప్పడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు.

అదే సమయంలో రేషన్ బియ్యం సంగతి చూడండి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ధరని 1992లో కాంగ్రెస్ ప్రభుత్వం మూడున్నర రూపాయలకి పెంచింది. ఒకవైపు బియ్యం దూరమవుతోంది, మరోవైపు సారా దగ్గరవుతోంది. ఈ రెండూ ఒకే ప్రభుత్వం చేస్తున్న పనులని కనిపెట్టడానికి నెల్లూరు కూలి ఆడవాళ్ళకి ఏ మేధావీ అవసరం కాలేదు. మా వరండాలోనే ఆ లెక్క ఎన్నిసార్లో నడిచింది. ఇద్దరి కూలి వస్తే ఇంత, అతని కూలి దుకాణానికి పోతే ఇంత, మిగిలిన దాంట్లో బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పోను ఎంత. ఈ తీసివేతలో చివరికి తగ్గేది ఎవరి ముద్ద? పిల్లలది కాదు. మొగుడిది అసలే కాదు, తక్కువ పెడితే తన్నులు. కుండలో సోలెడు బియ్యం తగ్గితే ఆ సోలెడూ చివర తినే మనిషి కడుపులోంచే తగ్గుతుంది. రక్తహీనత గురించి ఇనుము మాత్రలు పంచేవాళ్ళు మాట్లాడతారు. ఆ రక్తహీనతలో సారా కంట్రాక్టరు వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు.

దూబగుంట కలిగిరి మండలంలో ఉంది. అక్కడ జరిగింది చాలామంది చాలా రకాలుగా చెప్పారు, రాశారు. అందరూ ఒప్పుకునేది ఇంత: రాత్రి క్లాసుల్ని తాగొచ్చిన మగవాళ్ళు చెడగొట్టేవాళ్ళు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, తాగుబోతు మొగుడితో వేగలేని ఒక ఆడమనిషి కథ. అది చదివాక వాళ్ళ మాటలు పాఠం దాటి బయటికొచ్చాయి. ఊరి ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళి కల్లు బండినీ, తర్వాత సారా జీపునీ వెనక్కి తిప్పి పంపారు. దుకాణం మూతపడింది. ఆ గెలుపే తర్వాత 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై జిల్లాలోని మిగతా ఊళ్ళకి చేరింది. ఒక ఊరి అనుభవం పాఠ్యపుస్తకంలోకెక్కి ఇంకో ఊరికి మందులా పనిచేసింది. ఆరోగ్య విద్య అంటే గోడమీద పోస్టరు అంటించడం అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి మీద కాస్త ఆగి ఆలోచించాలి.

1992 వేసవి దాటేసరికి నెల్లూరు కలెక్టరాఫీసు ముందు సారా వేలంపాట జరగనివ్వమని వేలమంది ఆడవాళ్ళు బైఠాయించారు. పాట వాయిదా పడింది, మళ్ళీ పడింది, మళ్ళీ మళ్ళీ పడింది. ఉద్యమం చిత్తూరుకి, కడపకి, కర్నూలుకి, మిగతా జిల్లాలకి పాకింది. తెలంగాణలో అంతకుముందే నక్సలైటు పార్టీలు సారా మీద పోరాటం నడిపి ఉన్నాయి, ప్రగతిశీల మహిళా సంఘం ఊరూరా తిరిగింది. వామపక్ష మహిళా సంఘాలు, సర్వోదయం వాళ్ళు, జన విజ్ఞాన వేదిక వాళ్ళు, అందరూ వచ్చారు. 'ఈనాడు' 'సారాపై సమరం' అని రోజూ ఒక పేజీ కేటాయించింది.

ఈ పోరాటం చేసిన పద్ధతిలో నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించేది ఒకటుంది. తాగుడిని జబ్బుగా చూసే డాక్టర్లు తాగేవాడి కాలేయాన్ని చూస్తారు. తప్పుగా చూసే పెద్దమనుషులు తాగేవాడి గుణాన్ని చూస్తారు. ఈ ఆడవాళ్ళు సరఫరాని చూశారు. జీపు ఏ దారిన వస్తుంది, ఎవరి గొడ్లపాకలో సరుకు దింపుతారు, పాట ఎప్పుడు, ఎవరు పాడతారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఏ పంపు నీళ్ళు తాగినవాళ్ళు చస్తున్నారో కనిపెట్టి ఆ పంపు పిడిని తీయించాడని ప్రజారోగ్యం చదివే ప్రతివాళ్ళకీ మొదటి పాఠంగా చెబుతారు. దూబగుంట ఆడవాళ్ళు తీసింది పంపు పిడి కాదా? వాళ్ళని ఏ వైద్య కళాశాల పాఠంలోనూ చేర్చలేదు. వాళ్ళు చేసింది 'ఆందోళన' అయింది గాని 'ఆరోగ్యం' కాలేదు.

అన్నీ అందంగా జరిగాయని చెప్పను. తాగినవాళ్ళకి గుండ్లు కొట్టించి గాడిదల మీద ఊరేగించారు. తాగొస్తే అన్నం పెట్టమని కట్టుబాటు చేసుకున్నారు. ఆ కట్టుబాటుని నిలబెట్టినందుకు ఇళ్ళల్లో దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. గాడిదనెక్కింది ఎప్పుడూ కూలి మగవాడే. పాట పాడిన కంట్రాక్టరు, ఊళ్ళో పలుకుబడి ఉన్న కులంవాడు, గాడిదనెక్కలేదు. మా అమ్మమ్మ ఇంటి పెద్ద మగవాళ్ళు సీమసరుకు తాగేవాళ్ళు, మిద్దె మీద, గ్లాసుల్లో. ఆ వీధికి చీపుర్లు రాలేదు. వస్తే బాగుండునని అప్పట్లో నాకూ అనిపించలేదు, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి. ఉద్యమంలో ముందున్నది ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్ళు. సారా అంటే వాళ్ళ మొగుళ్ళు తాగేది. మిగతాది 'డ్రింక్స్'. ఈ తేడా తర్వాత చట్టంలోకీ వచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా నిషేధించింది సారానే. మిద్దెమీది గ్లాసుల జోలికి రావడానికి 1995 జనవరి 16 దాకా పట్టింది. వారుణి వాహిని పెట్టిన పార్టీ నాయకుడు ఎన్.టి. రామారావే ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం మాటిచ్చి, గెలిచి, దాన్ని అమలుచేశాడు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎత్తేసింది. ఖజానా ఖాళీ అయిందన్నది కారణం.

ఇంతకీ ఈ ఉద్యమం ఎవరిది అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. ప్రభుత్వం తన అక్షరాస్యత పథకం ఫలితమంది. గాంధేయవాదులు గాంధీ కల అన్నారు. వామపక్షాలు తమ కార్యకర్తల కృషి అన్నాయి. పత్రికలు ఆడవాళ్ళని అపరకాళులుగానూ, సంసారం చక్కదిద్దుకోవడానికి కొంగు బిగించిన ఇల్లాళ్ళుగానూ ఒకే పేజీలో చూపించాయి. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతిని విడదీసి చూపారు. కులం, వర్గం, మార్కెట్, రాజ్యం అన్నీ పెనవేసుకున్న ఒక పోరాటాన్ని మంచి భార్యల గోడుగా కుదించడంలో ఎవరి ప్రయోజనాలున్నాయని వాళ్ళు అడిగారు. అదే వ్యాసంలో గర్భనిరోధక ఇంజెక్షన్ల గురించీ ఉంది. చదివిన కొత్తలో ఈ రెండింటినీ ఎందుకు ఒకచోట పెట్టారో నాకు బోధపడలేదు. ఇప్పుడు పడుతుంది.

'కుటుంబ సంక్షేమం' అన్న మాట చరిత్ర ఒకసారి చూడండి. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లతో కుటుంబ నియంత్రణ అనే పేరు కంపుకొట్టిపోయాక, 1977లో కేంద్రం ఆ శాఖ పేరుని కుటుంబ సంక్షేమంగా మార్చింది. మారింది బోర్డే. ఎమర్జెన్సీలో ఎక్కువగా మగవాళ్ళని పట్టుకుపోయి వేసక్టమీలు చేశారు, ఓట్లు పోయాయి. ఆ తర్వాత కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఇప్పటికీ తిరిగే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి సుమారు 70 మందికి ఆపరేషన్ అయింది, దేశంలోకెల్లా ఇదే ఎక్కువ. మగవాళ్ళ ఆపరేషన్లు వెతుక్కోవాల్సిందే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1985లో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని ఊళ్ళ ఆడవాళ్ళ మీద ప్రయోగించడానికి క్యాంపు పెట్టారు. ఇది పరీక్షలో ఉన్న మందు అని వాళ్ళకి సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి విషయం చెబితే వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి మళ్ళారు. 1986లో ఆ సంఘటనతో పాటు ఇతర స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 'సవాలక్ష సందేహాలు' వెనక ఉన్న కోపం కొంత అక్కడిది. తెలియనివ్వకపోవడం కూడా ఒక హింసేనన్న ఎరుక అది.

అంటే రాజ్యం 'కుటుంబం' అన్నప్పుడు దానర్థం ఆడదాని గర్భసంచి. నెల్లూరు ఆడవాళ్ళు 'కుటుంబం' అన్నప్పుడు దానర్థం వేరు. వాళ్ళ దృష్టిలో కుటుంబమంటే ఒక కుండ, ఒక రాత్రి, నాలుగు ఒళ్ళు. ఆ కుండలోకి ఏమొస్తుందో, ఆ రాత్రి ఎలా గడుస్తుందో, ఆ ఒళ్ళమీద ఏ దెబ్బలు పడతాయో నిర్ణయించే శక్తి ఊరి బయటుందని, దాని పేరు వేలంపాట అని వాళ్ళు కనిపెట్టారు. అప్పట్లో మాలో కొందరు స్త్రీవాదులం పెదవి విరిచాం. వీళ్ళు భార్యలుగా పోరాడుతున్నారు గాని స్త్రీలుగా కాదు, మొగుడు మారితే చాలనుకుంటున్నారు, కుటుంబాన్ని ప్రశ్నించడం లేదు అని. నేనూ అన్నాను. మా వరండాలో నిద్రపోయే ఆమె ఒక్కసారైనా 'నా మొగుడు మారాలి' అనలేదని తర్వాత గుర్తొచ్చింది. ఆమె అన్నది దుకాణం పోవాలని. ఈ రెండూ ఒకటి కావు. మొగుణ్ణి మార్చే బాధ్యతని ఆమె తన నెత్తిన వేసుకోలేదు. ఆ బరువు పెట్టింది పత్రికలూ, ప్రభుత్వమూ, మేమూను.

నిషేధం వచ్చాక ఇళ్ళల్లో ఏం జరిగింది? దీనిమీద రాసింది తక్కువ. ఏళ్ళతరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దానికి వైద్యముంది. మా ఊరి దగ్గర ఆస్పత్రిలో ఆ వైద్యం గురించి తెలిసినవాళ్ళు లేరు. కాబట్టి ఆ వణుకుల్ని, కేకల్ని, అనుమానాల్ని రాత్రంతా కూర్చుని భరించింది మళ్ళీ వాళ్ళే. ఒకామె మొగుణ్ణి నులకమంచానికి కట్టేసి రెండు రోజులు కాపలా కాసింది. ఆ సేవని ఏ లెక్కలోనూ వెయ్యలేదు. నిషేధం అంటే పోలీసు, ఎక్సైజు శాఖల పని. వైద్య శాఖకి అందులో పాత్ర ఉండాలని ఎవరికీ తోచలేదు. ఇది ఉద్యమం లోపం అనను. ఆడవాళ్ళు అడిగినది ఆరోగ్యం, రాజ్యం ఇచ్చింది నేరాల చట్టం. ఆ ఖాళీలోకి నాటుసారా వచ్చింది, తెలంగాణలో గుడుంబా వచ్చింది, పక్క రాష్ట్రాల సరుకు వచ్చింది.

ఇక పొదుపు. సారా ఆగాక చేతిలో మిగిలిన డబ్బు రోజుకొక రూపాయి దాచుకోండని నెల్లూరులో 'పొదుపు లక్ష్మి' సంఘాలు మొదలయ్యాయి. మంచి ఆలోచనే. చేతిలో తనదంటూ పది రూపాయలుంటే బిడ్డకి జ్వరమొచ్చినప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. ఆసామి దగ్గర నూటికి అయిదు వడ్డీకి తేనక్కర్లేదు. నేను ఒక సంఘం పుస్తకం రాసిపెట్టేదాన్ని. మొదటి ఏడాది తీసుకున్న అప్పులన్నీ దాదాపు జబ్బులకే: కాన్పు, పాము కరవడం, పసిబిడ్డకి న్యుమోనియా, గర్భసంచి ఆపరేషన్. ఆ పుస్తకం ఎవరైనా జాగ్రత్తగా చదివుంటే ఆ ఊరి ఆరోగ్య చరిత్ర దొరికేది. చదివినవాళ్ళు వసూళ్ళు ఎంతశాతం అని చూశారు. డ్వాక్రా అయింది, 2000లో వెలుగు అయింది, ఇందిరా క్రాంతి పథం అయింది. 'లక్ష్మి' నిలబడింది గాని సంఘంలో మాటల విషయం మారింది. బడి వరండాలో మా మాటలు సారా జీపు గురించి నడిచేవి. సంఘం మీటింగులో వాయిదా గురించి నడుస్తాయి. ఆ తర్వాత మైక్రోఫైనాన్సు కంపెనీలు ఇదే సంఘాల దారిన ఊళ్ళోకి వచ్చాయి. 2010 నాటికి అప్పుల వత్తిడికి ఆత్మహత్యలు జరిగి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సైకిల్ మీద సారా ప్యాకెట్ వచ్చిన గుమ్మంలోకే మోటార్ సైకిల్ మీద వారం వాయిదా వచ్చింది.

వేరే దారి ఉండేదా? మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే డాక్టర్ దంపతులు 1970 నుంచి నడిపిన పని గుర్తొస్తుంది. చదువురాని దళిత ఆడవాళ్ళనీ మిగతా పేద ఆడవాళ్ళనీ ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. కాన్పులు, పసిపిల్లల ఎదుగుదల, కుష్టు, నీళ్ళు అన్నీ వాళ్ళ చేతుల్లో పెట్టారు. చేతిపంపు దళితవాడలో వేయించి, నీళ్ళకోసం మిగతావాళ్ళే అక్కడికి వచ్చేటట్టు చేశారు. అక్కడ మహిళా మండళ్ళకి ఆరోగ్యమే ముందు, డబ్బు దాని వెనక. అక్కడ ఒక ఆస్పత్రి ఉంది, వెనక నిలబడే డాక్టర్లున్నారు, పదేళ్ళు ఆగే ఓపిక ఉంది. నెల్లూరులో అంతకంటే పెద్ద కూడిక జరిగింది, జిల్లా జిల్లా కదిలింది, కాని ఆ కదిలిన ఆడవాళ్ళ చేతుల్లో స్టెతస్కోపు కాదు గదా, థర్మామీటరు కూడా ఎవరూ పెట్టలేదు. 2005 తర్వాత ఆశా కార్యకర్తలు వచ్చారు. వాళ్ళు చేస్తున్న చాకిరీ తక్కువేం కాదు. అయితే ఆశా పైనుంచి వచ్చిన పోస్టు. దూబగుంట కింది నుంచి వచ్చిన గుంపు. ఈ రెండింటినీ కలిపేవాళ్ళు రాలేదు.

మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. సారా పోయి సీసా వచ్చింది, దుకాణం పోయి బెల్టు షాపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, దశలవారీ నిషేధమని చెప్పింది, 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి. 2019-21 సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది తాగుతామన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. ఈ రెండు అంకెలూ వేర్వేరు పట్టికల్లో, వేర్వేరు పేజీల్లో ఉంటాయి.

రోశమ్మ 2016లో పోయింది. పత్రికలు మళ్ళీ రెండు రోజులు సారా ఉద్యమం గురించి రాశాయి. అవి చదివి, మనసు ఊరుకోక, మా అమ్మమ్మ ఊరికి వెళ్ళాను. ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది. బడికి కొత్త బిల్డింగ్ వచ్చింది, వరండా లేదు. పలక ముందు నిద్రపోయిన ఆమె ఉంది. మొగుడు పోయి పన్నెండేళ్ళయిందట. ఎలా పోయాడని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. కొడుకు నెల్లూరులో ఆటో నడుపుతాడు. ఆమెకి పింఛను వస్తుంది, బి.పి., షుగరు ఉన్నాయి. 'ఇప్పుడు నిద్ర పడతందా అక్కా?' అనడిగాను. నవ్వింది. 'ఇప్పుడు పండుకునేదానికి చోటుండాది గానీ నిద్దరే రాదు అమ్మణ్ణీ' అంది.

లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మాత్రల స్ట్రిప్పులు. ఏది పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రికో మర్చిపోయానని, చూసి చెప్పమని అంది. రెండు స్ట్రిప్పులు సగానికి కత్తిరించి ఉన్నాయి, పేరున్న సగం పోయింది. నేను కళ్ళజోడు పెట్టుకుని చూస్తుంటే ఆమె కూడా వంగి చూసింది. ఆమెకి చదవడం వచ్చు. గోడమీద ఎన్నికల రాతలు, బస్సు బోర్డు, పొదుపు పుస్తకం చదువుతుంది. ఆ స్ట్రిప్పు మీదున్నదంతా ఇంగ్లీషు.

'నువ్వు నేర్పిన అక్షరాలు దీనిమీద లేవు గదా' అంది.